నాన్న షెడ్డులో ఎర్ర గచ్చు
నాన్న వడ్రంగం షెడ్డులో గచ్చు రెడాక్సైడ్ అనే ఎర్ర రంగు పొడి కలిపి వేసింది. నూనె మరకలు పేరుకుని ఆ ఎరుపు ఎప్పుడో కనబడకుండా పోయింది. యాసిడ్ పోయమన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు, అది సిమెంటునే తినేస్తుంది. సబ్బు నీళ్లతో, కొబ్బరి పీచుతో రెండు రోజులు తోమాను. బల్ల ముందు, నాన్న నిలబడి చిత్రిక పట్టిన చోట, రెండు పాదాల మేర గచ్చు అద్దంలా నునుపు తేలి ఉంది. అక్కడ గరుకు కాగితం తగలనివ్వలేదు. పగుళ్లలో సిమెంటు, రెడాక్సైడ్ ముద్ద కూరాను. ఆరితే రంగు తేలిపోతుంది కాబట్టి ముందు పెంకు మీద ఆరబెట్టి చూసుకున్నాను. సీలర్, అంటే గచ్చును కాపాడే పైపూత, వేసే ముందు తడి ఉందేమో చూద్దామని రాత్రంతా గచ్చు మీద ప్లాస్టిక్ కాగితం అంచులు అతికించి ఉంచితే, ఉదయానికి దాని కింద చెమ్మ! మరో వారం ఆగి పలచగా రెండు పూతలు వేశాను. తుడిచినప్పుడు కాసేపు మెరిసి మాయమయ్యే ఎరుపు ఇప్పుడు పొద్దంతా నిలుస్తోంది.