దగ్గు రాని పొలమారడం

ఎక్స్‌రే తెర మీద మా పాప గొంతు పక్కవాటుగా కనిపిస్తోంది. బేరియం కలిపిన ద్రవాన్ని థెరపిస్టు చెంచాతో నోట్లో పోయగానే నల్లటి గీత ఒకటి నాలుక మీదుగా వెనక్కు జారింది. అన్నవాహికలోకి పోవలసిన దానిలో కొంత తోవ తప్పి శ్వాసనాళంలోకి దిగిపోయింది. పాప దగ్గుతుందని నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. దగ్గలేదు. ముఖమైనా చిట్లించలేదు. అప్పటికి తనకు రెండేళ్లు. పొలమారకుండా తింటోందని నేను మురిసిపోయిన పూటలన్నిటిలోనూ లోపల జరుగుతూ వచ్చింది ఇదేనని ఆ చీకటి గదిలో నాకు మొదటిసారి అర్థమైంది.

పుట్టిన వేళ పాప మెదడుకు ప్రాణవాయువు అందలేదు. అటువంటి శిశువులకు తొలి 6 గంటలలోపు మొదలుపెట్టి, శరీర ఉష్ణోగ్రతను 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 72 గంటలపాటు నిలిపే శీతల చికిత్స ఒకటి ఉంది. మాకు అది సకాలంలోనే అందింది. ఆ మూడు రోజులూ వేలితో తాకితే చల్లగా తగిలిన ఆ చిన్న పాదం ఈనాటికీ నా చేతికి గుర్తుంది. ప్రాణం దక్కింది కానీ మెదడుకు జరిగిన నష్టమంతా ఆగలేదు. ఫిట్స్, కండరాలు మెదడు అదుపులో లేని సెరిబ్రల్ పాల్సీ, కళ్లు బాగానే ఉన్నా మెదడు చూపును సరిగా అందుకోలేకపోవడం, ఇవన్నీ ఒక్కొక్కటిగా మా ఫైలులోకి చేరాయి. కదలికల సామర్థ్యాన్ని కొలిచే అయిదు స్థాయిలలో పాపది అయిదవది, అంటే తల నిలపడానికి కూడా ఆసరా కావాలి.

ఇంత ఉన్నా పాప ఏడ్చేది కాదు. చూడవచ్చిన వాళ్లు బంగారుతల్లి అనేవారు, నేనూ అలాగే అనుకున్నాను. ఒక ఏడాదిలో మూడుసార్లు న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో చేరినప్పుడు కూడా, రోగనిరోధక శక్తి తక్కువని చెప్పి యాంటీబయాటిక్ మార్చి పంపారే తప్ప, మింగడం ఎలా ఉందని ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తెలియదు. దగ్గు లేకుండానే ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారవచ్చని, గొంతులోని స్పర్శ మొద్దుబారిన పిల్లలలో అది మామూలేనని ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ మూడింటిలో ఒక్కటైనా తప్పేదేమో.

పొట్టకు చిన్న రంధ్రం చేసి ట్యూబు అమర్చే గ్యాస్ట్రోస్టమీకి ఒప్పుకోవడానికి నాకు అయిదు నెలలు పట్టింది. మా వారు మొదటి వారమే సరేనన్నారు. బిడ్డకు నోటితో తినిపించలేకపోవడం తల్లిగా నా ఓటమి అన్న భావన ఎక్కడో పాతుకుపోయి ఉండడం వల్ల నేనే సాగదీశాను. ఆపరేషన్ తరువాత బతుకు కొలతల్లోకి మారిపోయింది. ట్యూబు జారిపోకుండా లోపల పట్టి ఉంచే బెలూన్‌లోని 5 మిల్లీలీటర్ల నీటిని వారానికోసారి తీసి చూసుకోవడం, మందుకు ముందూ తరువాతా నీళ్లతో ట్యూబు కడగడం, ఆహారం ఎక్కుతున్నంత సేపూ తలవైపు ఎత్తుగా ఉంచడం. ఒక అర్ధరాత్రి పక్క తడిగా తగిలి లేచి చూస్తే బెలూన్ పగిలి ట్యూబు దుప్పటిలో పడి ఉంది. ఆ రంధ్రం కొన్ని గంటల్లోనే పూడుకుపోవచ్చు. మాది అప్పటికి మానిన పాత రంధ్రమే, పైగా నేర్పించి పంపారు కనుక, వణుకుతున్న చేతులతోనే విడి ట్యూబును లోపలికి జార్చి, నీళ్లెక్కించి, సిరంజితో లాగి పొట్టలోని ద్రవం వస్తోందో లేదో చూసుకుని అప్పుడు కూలబడ్డాను. ఈ తతంగమంతా పాప కళ్లు తెరిచి చూస్తూనే ఉంది, కిక్కురుమనలేదు.

బరువు పెరిగింది. ఉమ్మి, పొట్టలోంచి పైకి ఎగదన్నేది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ట్యూబుతో తీరిపోదు. అయినా ఆ తరువాతి రెండేళ్లలో న్యుమోనియా ఒక్కసారే వచ్చింది. ఊపిరి తేలికపడ్డాక పాప మెలకువగా ఉండే సమయం పెరిగింది. పాప చెప్పదలచుకున్నది అందుకునే అసలు పని అప్పుడు మొదలైంది.

మింగడాన్ని పరీక్షించిన స్పీచ్ థెరపిస్టే ఆ పనీ చేపట్టారు. మొదటి రోజు ఆవిడ పాపను వదిలేసి నన్ను వీడియో తీశారు. తిరిగి చూపిస్తే నాకు సిగ్గు వేసింది. “పాట కావాలా తల్లీ?” అని అడిగి, మూడు సెకన్లు కూడా ఆగకుండా “కావాలి కదూ” అని నేనే జవాబు చెప్పుకుని పాట పెట్టేస్తున్నాను. “పదిహేను లెక్కపెట్టండి, మనసులోనే,” అన్నారావిడ. వినిపించిన మాట అర్థమవడానికి, చూపు కుదురుకోవడానికి, బిగుసుకునే కండరాలు సడలి జవాబు బయటపడడానికి పాపకు ఆ వ్యవధి కావాలి. ఎనిమిదో తొమ్మిదో రోజున పన్నెండు దగ్గర పాప కళ్లు పైకి లేచాయి. మళ్లీ అడిగితే మళ్లీ లేచాయి. అదే ‘ఊఁ’ అని మేం ఖాయం చేసుకున్నాం. అంతకుముందు కూడా తను అలా ఎన్నిసార్లు జవాబు చెప్పిందో, ఆ వేళకు నేను ఏ పనిలోకి వెళ్లిపోయి ఉన్నానో.

తరువాత నల్లటి అట్ట మీద ఎరుపు, పసుపు రంగుల బొమ్మలు పెద్దవిగా, దూరదూరంగా అంటించాం. ‘ఇంకా’, ‘చాలు’, ‘వద్దు’, ‘నొప్పి’. పాప చూపుతో చెప్పాలంటే ముందు మేం వేలితో చూపిస్తూ మాట్లాడాలి, నెలల తరబడి, ప్రతిఫలం ఆశించకుండా. బొమ్మలకు అలవాటుపడితే నోటిమాట రాదని బంధువులు భయపెట్టారు కానీ పరిశోధనలు చెప్పేది అది కాదు. అయినా రాని మాట కోసం వచ్చే చూపును ఎందుకు ఆపాలో నాకు అర్థం కాదు.

నొప్పిని లెక్కించడానికి ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడింపు అనే అయిదింటికి సున్నా నుంచి రెండు వరకు మార్కులిచ్చే కొలమానం ఆసుపత్రులలో వాడతారు. ఏడవని పిల్లకు అది చాలదు. అందుకే ఆ పిల్లకే ప్రత్యేకమైన గుర్తులను తల్లిదండ్రులు చేర్చే సవరించిన రూపం 2006లో వచ్చింది. మా కాగితంలో ‘ఎడమ బొటనవేలు పిడికిట్లోకి ముడుచుకుంటుంది’ అని రాశాం. జ్వరం లేని ఒక ఉదయం ఆ వేలు ముడుచుకుంది. అట్ట చూపిస్తే కళ్లు ‘నొప్పి’ మీద ఆగాయి. పొట్టా, కాలా, తలా అని ఒక్కొక్కటే అడిగి, ఒక్కోదానికి పదిహేను లెక్కపెడుతూ చెవి దాకా వచ్చేసరికి కళ్లు పైకి లేచాయి. డాక్టరు చూస్తే చెవి లోపల ఎర్రగా వాచి ఉంది.

ఇప్పుడు పాపకు అయిదేళ్లు. అన్నిటికంటే ముందు గట్టిగా నేర్చుకున్నది ‘వద్దు’. రోజూ రాత్రి ఫిట్స్ మందు సిరంజిలోకి తీయగానే కళ్లు ఆ బొమ్మ మీదికి వెళతాయి. చూడనట్టు నటించలేను, మందు మానలేను. వద్దన్నది తెలిసిందని, అయినా ఇది తప్పదని నోటితోనే చెబుతాను. ఆ తరువాత, ముందు మందా, ముందు కథా అని అడిగి లెక్కపెట్టడం మొదలుపెడతాను. ఎక్కువసార్లు కథనే ఎంచుకుంటుంది, అదీ పొడుగ్గా ఉండే కథను.