వెయ్యి నూట పదహార్లు నూట పదహార్లయ్యే చోటు

గుడి డబ్బు అనగానే అందరి కళ్ళూ హుండీ మీదకే పోతాయి. నిజానికి ఓ మోస్తరు ఆలయంలో కాస్త కట్టుదిట్టంగా ఉండేది హుండీయే. రెండు తాళాలు, సీలు, దేవాదాయ శాఖ అధికారి ఎదుట లెక్కింపు, తర్వాత బ్యాంకులో జమ. లెక్కింపు వివరాలు రాసే పంచనామాలో మాత్రం రెండు విషయాలు చూడాలి. బంగారం, వెండి విడివిడిగా తూకం వేసి రాశారా, లేక ‘మిశ్రమ వస్తువులు’ అని సరిపెట్టారా? విదేశీ నోట్లు ఏ దేశానివో, ఎంతెంత విలువవో రాశారా? ‘విదేశీ నోట్లు 40’ అని ఊరుకుంటే ఒక్క డాలరు నోట్లకీ వంద డాలర్ల నోట్లకీ తేడా ఉండదు. మార్చేయడం చిటికెలో పని.

అసలు చిల్లు రసీదు దగ్గర పడుతుంది. భక్తుడు 1,116 ఇస్తాడు. పై కాగితం మీద 1,116 అనే రాస్తారు. మొదటి అంకె కింద కార్బన్ ఉండదు కాబట్టి నకలులో 116 పడుతుంది. వెయ్యి రూపాయలు ఏ పుస్తకానికీ ఎక్కవు, ఆడిట్‌కు వచ్చినవాళ్ళకు నకలే కనిపిస్తుంది. అందుకే మొత్తాన్ని అక్షరాల్లో కూడా రాయించుకోవాలి, కార్బన్ కాపీ చూపించమని అడగాలి. మొహమాటం అక్కర్లేదు, అది దేవుడి సొమ్ము. ప్రెస్‌లో విడిగా అచ్చు వేయించిన పుస్తకాలతో ఇంకో ప్రమాదం. రసీదు పుస్తకాల స్టాక్ రిజిస్టర్‌లో ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఎవరికి ఇచ్చారో, వాడిన పుస్తకం ఎప్పుడు తిరిగొచ్చిందో ఉండాలి. ఆ నంబర్లలో లేని రసీదు దొంగ రసీదే. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు దేవస్థానం పేరు రావాలి. వ్యక్తి పేరు వస్తే డబ్బు పంపకండి.

ఆంధ్రప్రదేశ్‌లో 1987 నాటి దేవాదాయ చట్టం ఆలయాలను ఆదాయాన్ని బట్టి 6(ఎ), 6(బి), 6(సి) అని విడదీసింది. అట్టడుగున ఉన్న చిన్న గుళ్ళలో చాలావాటికి సొంత ఈవో (కార్యనిర్వహణాధికారి) ఉండరు, ఒకే అధికారి కొన్ని గుళ్ళు చూస్తారు. కల్యాణోత్సవాలప్పుడు కమిటీలు వసూలు చేసే చందాలు గుడి ఖాతాకు చేరకుండానే ఖర్చయిపోయేది ఎక్కువగా ఇక్కడే.

భూముల సంగతి నెమ్మదిగా నడిచే దోపిడీ. వేలంలో పాడిన కౌలు కట్టకుండా ఏళ్ళ తరబడి బకాయి పెడతారు, ఈలోగా భూమి ఎవరి సాగులో ఉందో రాసే అడంగల్‌లో అనుభవదారు పేరు మారిపోతుంది. గుడి సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అమ్మకం రిజిస్టరయ్యే ప్రమాదం ఉంది.

సమాచార హక్కు దరఖాస్తులో ‘మొత్తం లెక్కలు ఇవ్వండి’ అని రాయకండి, అలాంటిదాన్ని తిప్పి పంపడం తేలిక. గత మూడు హుండీ పంచనామాలు, వాటి బ్యాంకు చలాన్లు, రసీదు స్టాక్ రిజిస్టర్ నకలు, కౌలు బకాయిల జాబితా, ఆడిట్ అభ్యంతరాలు అని విడివిడిగా అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చేతికొచ్చాక ముందుగా పంచనామా తేదీని, మొత్తాన్ని చలాన్‌తో పోల్చండి. మధ్యలో రోజులు దొర్లి ఉంటే అన్నాళ్ళూ నగదు ఎవరి దగ్గరుందో రాసివ్వమని అడగండి.