హీట్ షాక్ జీన్లు ఎలా ఆన్ అవుతాయి: నేను చదివిన పద్ధతి

లైఫ్ సైన్సెస్ పరీక్షలకు చదివే ఫ్రెండ్స్‌లో చాలామంది హీట్ షాక్ రెస్పాన్స్‌ను (వేడి లాంటి దెబ్బ తగిలినప్పుడు కణం తనను కాపాడే ప్రోటీన్లను తయారు చేసుకోవడం) చిన్న టాపిక్ కదా అని పక్కన పెట్టేస్తారు. దయచేసి వదలొద్దు. ట్రాన్స్‌క్రిప్షన్ (జీన్ నుంచి ఆర్‌ఎన్‌ఏ కాపీ తయారవడం) నాకు నిజంగా పట్టుబడింది ఇక్కడే.

చదువుతున్నంతసేపూ ఒకటే ప్రశ్న వేసుకునేదాన్ని: వేడి తగలకముందు హీట్ షాక్ జీన్‌ను ఆపి ఉంచింది ఎవరు?

జవాబు రెండు చోట్ల ఉంది. మొదటిది హెచ్‌ఎస్‌ఎఫ్1, అంటే ఈ జీన్లను ఆన్ చేసే ప్రోటీన్. ఇది కణంలో ముందే తయారై ఉంటుంది. హెచ్‌ఎస్‌పీ90, హెచ్‌ఎస్‌పీ70 లాంటి చాపెరోన్లు (మిగతా ప్రోటీన్లు సరిగ్గా మడతపడేలా చూసే ప్రోటీన్లు) దాన్ని మోనోమర్‌గా, అంటే ఒంటరిగా, పట్టి ఉంచుతాయి. వేడికి ప్రోటీన్ల మడతలు చెదిరితే చాపెరోన్లకు వాటిని చక్కదిద్దే పనే సరిపోతుంది. అప్పుడు విడుదలైన హెచ్‌ఎస్‌ఎఫ్1లు మూడేసి కలిసి ట్రైమర్ అవుతాయి, ప్రమోటర్‌లోని (జీన్‌కు స్విచ్ లాంటి డీఎన్‌ఏ భాగం) జీఏఏ వరుసలకు అతుక్కుంటాయి. హెచ్‌ఎస్‌పీ70 తగినంత పోగవగానే అదే వచ్చి హెచ్‌ఎస్‌ఎఫ్1ను మళ్లీ అణిచేస్తుంది. ఎంత చక్కని ఫీడ్‌బ్యాకో చూడండి!

రెండోది ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2, అంటే జీన్‌ను చదివి ఎంఆర్‌ఎన్‌ఏ రాసే ఎంజైమ్. డ్రోసోఫిలా (పండ్ల ఈగ) హెచ్‌ఎస్‌పీ70 జీన్ మీద అది ముందే పని మొదలుపెట్టి, 20 నుంచి 40 న్యూక్లియోటైడ్లు రాసి ఆగిపోయి ఉంటుంది. పీ-టెఫ్‌బీ అనే ఎంజైమ్ వచ్చి ఫాస్ఫేట్లు తగిలించగానే కదులుతుంది. నిమిషాల్లో ఎంఆర్‌ఎన్‌ఏ రావడానికి కారణం ఇదే.

ప్రయోగాలు మాత్రం నిదానంగా చదవండి, మార్కులు అక్కడే ఉన్నాయి. 1962లో శాస్త్రవేత్త రిటోసా వేడి చేసిన డ్రోసోఫిలా లాలాజల గ్రంథుల క్రోమోజోముల మీద కొత్త పఫ్‌లు (జీన్లు చురుగ్గా పనిచేసే చోట వచ్చే ఉబ్బులు) చూశాడు. 1986లో కప్ప అండకణాల్లోకి మడత చెడిన ప్రోటీన్‌ను ఇంజెక్ట్ చేస్తే, వేడి లేకుండానే హీట్ షాక్ జీన్ ఆన్ అయింది. అంటే సిగ్నల్ ఉష్ణోగ్రత కాదు, చెడిన ప్రోటీన్. ఈ ఒక్క మాట పట్టుకుంటే కాడ్మియం, ఆల్కహాల్ ఇచ్చినా ఇదే రెస్పాన్స్ ఎందుకు వస్తుందో ఇట్టే తెలిసిపోతుంది. జెల్డనమైసిన్ అనే మందుతో హెచ్‌ఎస్‌పీ90ను అడ్డుకుంటే ఏమవుతుందో కూడా మీరే చెప్పగలరు: హెచ్‌ఎస్‌ఎఫ్1 విడుదలవుతుంది.

ఈ.కోలై బ్యాక్టీరియాలో హెచ్‌ఎస్‌ఎఫ్1 ఉండదు, ఆ పనికి సిగ్మా 32 అనే ప్రోటీన్ ఉంటుంది. కలిపేయకండి.

ఇంకొకటి, నాకు బాగా నచ్చింది: తీవ్రమైన వేడిలో స్ప్లైసింగ్ (ఆర్‌ఎన్‌ఏలోంచి ఇంట్రాన్లు అనే అక్కర్లేని ముక్కలను కత్తిరించి తీసేయడం) ఆగిపోతుంది. డ్రోసోఫిలా హెచ్‌ఎస్‌పీ70 జీన్‌లో ఇంట్రాన్లే లేవు కాబట్టి దాని పని ఆగదు. ఇంట్రాన్ ఉన్న హెచ్‌ఎస్‌పీ83 మాత్రం అక్కడే ఇరుక్కుపోతుంది.