మొదటి గెల

అక్టోబర్ 11, శనివారం

పొద్దున్న ఆరున్నరకే ఫోన్. హైదరాబాద్ నుంచి ఒక ఛానల్ డెస్క్ కుర్రాడు. "అన్నా, ఇవాళ్టికి తిత్లీ తుపాను వచ్చి ఏడేళ్లు కదా, మీ దగ్గర పాత విజువల్స్ ఉంటే పంపండి. చెట్లు పడిపోయినవి, జనం ఏడుస్తున్నవి." ఇప్పుడు తోటలెలా ఉన్నాయో కొత్తగా తీసి పంపుతానన్నాను. "అవొద్దన్నా, పాతవే బావుంటాయి" అన్నాడు. ఆ కుర్రాడి మీద కోపం లేదు. పైనుంచి ఎవరో చెప్పమన్నదే చెప్పాడు. కానీ ఫోన్ పెట్టేశాక టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను.

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి అక్టోబర్ అంటేనే గుబులు. 2013లో ఫైలిన్ 12వ తేదీన గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ అదే 12న విశాఖలో, 2018లో తిత్లీ 11న మా పలాస దగ్గర తీరం దాటాయి. హుద్‌హుద్ పెద్ద నగరం మీద పడింది, దేశమంతా చూసింది. తిత్లీ తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య పల్లెల మీద పడింది. గాలి 140, 150 కిలోమీటర్ల వేగంతో కొట్టింది. తెల్లారేసరికి కొబ్బరి, జీడి, పనస అన్నీ నేల మీదే. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, రోడ్డు లేదు. సెల్లులో తీసిన ఫొటోలు పంపడానికి సిగ్నల్ దొరికే చోటు కోసం మండలం దాటి వెళ్లాం. పెట్రోల్ బంకుల్లో కరెంటు లేక పంపులు ఆడలేదు. బండిలో ఉన్న పెట్రోలుతోనే ఎంత దూరం వెళ్లగలిగితే అంత దూరం. ముందురోజే దసరా నవరాత్రులు మొదలయ్యాయి. ఆ పండగ చాలా ఊళ్లలో చీకట్లోనే గడిచింది.

అంతకు అయిదు రోజుల ముందే, 6వ తేదీన, తెలంగాణ ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. ఛానళ్లన్నీ ఆ హడావిడిలో ఉన్నాయి. మా వార్త స్క్రీన్ కింద స్క్రోలింగ్‌లో పోయేది. తరవాత ఛానళ్ల బండ్లు వచ్చాయి, దారి చూపించడానికి నన్ను ఎక్కించుకున్నాయి. "ఎక్కువ డ్యామేజీ ఎక్కడుంది?" అన్నదే ప్రతివాళ్ల మొదటి ప్రశ్న. ఏ ఊరని చెప్పను? ఒక ఊరు చెప్తే పక్క ఊరి వాళ్లకి అన్యాయం చేసినట్టే.

కవిటి వైపు ఒక తోటలో ఓ ముసలమ్మ కూలిన చెట్ల మధ్య కూర్చుని ఉంది. బోర్లు ఆడక ఊళ్లో తాగడానికి నీళ్లు లేవు. పడిపోయిన చెట్టు నుంచి బొండం కోసి మా చేతుల్లో పెట్టింది. మాట్లాడుతూ ఏడ్చింది. కెమెరా అప్పటికింకా ఆన్ కాలేదట. మైకు పట్టుకున్నతను నాతో, "అన్నా, ఇంకోసారి చెప్పమను, అలాగే ఏడవమను" అన్నాడు. నేను అడగలేకపోయాను. ఆవిడకి వినపడింది. "మల్లీ ఏడవాలా బాబూ?" అంది నా మొహం కేసి చూసి. ఇవాళ్టికీ ఆ మాట గుర్తొస్తే కడుపులో మెలిపెట్టినట్టుంటుంది. అప్పుడే ఆ మైకు పక్కకి తోసెయ్యాల్సింది. తోసెయ్యలేదు.

ఆ ఊళ్లోనే డయాలసిస్‌కి వెళ్లాల్సిన మనిషొకడు ఉన్నాడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతకాలి. దారికడ్డంగా చెట్లుండి రెండు రోజులు కదల్లేక కాళ్లు, మొహం ఉబ్బిపోయాయి. ఇది చూపించండి అని బతిమాలాను. "అది తుపాను వార్త కాదు కదన్నా" అన్నారు. నాయకుడొకాయన వస్తున్నాడంటే మాత్రం ఆయన దిగే చోటు దాకా రంపాలతో చెట్లు కోసి దారి చేశారు. అక్కడితో ఆపేశారు. ఆ మనిషి ఇల్లు అక్కణ్ణించి కిలోమీటరు కూడా లేదు. ఆఖరికి ఊరి కుర్రాళ్లే మంచం మీద మోసుకుని రోడ్డెక్కించారు.

ఇవాళ రెండో శనివారం, ఆఫీసులకి సెలవు, పంపాల్సిన వార్తలు తక్కువ. పది గంటలకి బండి తీసి ఆ తోటలవైపే వెళ్లాను. 2019 వానాకాలంలో కొబ్బరి మొక్కలు నాటిన పెదనాన్న ఒకాయన ఉన్నారు. మా చుట్టం కాదు, పిలవడం అలవాటైపోయింది. నలభై ఏళ్ల చెట్లు నలభై పోయాయి ఆయనకి. మళ్లీ నలభై మొక్కలు పెడితే ముప్పై ఒకటి బతికాయి. ఇన్నేళ్లూ బిందెలతో నీళ్లు మోశారు, రాబడి లేని రోజుల్లో కొడుకు చెన్నై పనికి వెళ్లిపోయాడు. తుపాను నష్టమంటే ఇది. దీన్ని ఒక్కరోజు కెమెరా ఎలా చూపిస్తుంది?

"ఇలా రా బాబూ, సూడు" అని ఆయన ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్లారు. మట్టల మధ్య నుంచి మొదటి గెల వేలాడుతోంది. చెయ్యెత్తితే అందేంత ఎత్తులోనే ఉంది. ఒక్కొక్క కాయని వేలితో తాకుతూ లెక్కపెట్టారు. పదకొండు. కొన్ని ముదిరాయి, కొన్ని ఇంకా పిడికిలంతే ఉన్నాయి.

"ఆల్లు వొచ్చినారు, ఎల్లిపోనారు. నువ్వు మాత్రం ఏడాదికోపాలి వొస్తన్నావు" అన్నారు. ఆ మాటకి ఏం చెప్పాలో తెలియలేదు. ఫొటో తీస్తానంటే పైపంచె సర్దుకుని గెల పక్కన నిటారుగా నిలబడ్డారు.

ఫొటోతో పాటు నాలుగు వాక్యాలు జిల్లా డెస్క్‌కి పంపాను. హైదరాబాద్‌కి కూడా ఆ ఫొటోనే పంపి, "పాతవి పంపను, ఇది వేయండి" అని మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

రాత్రి ఎనిమిదిన్నరకి జిల్లా డెస్క్ వాళ్లు ఫోన్ చేశారు. "ఫొటోలో సరిగ్గా కనబడట్లేదు, కాయలు ఎన్ని?" అని. పదకొండని చెప్పాను. రాసుకున్నామన్నారు. పెదనాన్నకి ఫోన్ చేసి రేపు పేపర్ చూడమన్నాను. మొదటి కాయ గ్రామదేవతకి ఇచ్చాక రెండోది మా అమ్మకి పంపిస్తానన్నారు.