ఫార్మాట్ లేకుండానే రెండు ఓఎస్‌లూ తిరిగొచ్చాయి: నా అనుభవం

విండోస్, లినక్స్ అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ (ఓఎస్‌లు) ఉన్న కంప్యూటర్ ఒకరోజు బూట్ కాకపోతే మా వైపు మొదట వినిపించే మాట, "ఫార్మాట్ కొట్టేసి ఫ్రెష్‌గా వేసేద్దాం" అని. ఆ మాటకి సరే అనేముందు ఒక్కసారి డిస్కులో ఏముందో మన కళ్లతో చూసుకోవాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా కంప్యూటర్ విషయంలో డిస్కులో ఒక్క ఫైలు కూడా పోలేదు. అయినా అంతా పోయినట్టే కనిపించింది.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, పరీక్ష పేపర్లు చేస్తాం. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. పెళ్లికొడుకు ఇటువాడు, పెళ్లికూతురు అటుపిల్ల అయిన సంబంధాలు ఎన్నో. అందుకని శుభలేఖ ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఒడియాలో ఉండాలి. తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు, రెండూ పేజ్‌మేకర్‌లోనే. ఈ పనంతా విండోస్‌లో నడుస్తుంది.

యూనికోడ్ పని మాత్రం లినక్స్ రకాల్లో ఒకటైన మింట్‌లో చేస్తాను. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు 'క' ఏ మీట మీద ఉంటుందో ఒడియా 'క' కూడా ఆ మీట మీదే ఉంటుంది. ఒక భాషకి చెయ్యి అలవాటైతే రెండోది దానంతటదే వచ్చేస్తుంది. ఇప్పుడు లినక్స్ వైపు ఉన్న పని నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. రిటైరైన ఒక మాస్టారు సవర గిరిజనుల ఊళ్లు తిరిగి పోగుచేసిన పాటలని తెలుగు లిపిలో టైపు చేస్తున్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, నిఘంటువు కోసం ఏళ్ల తరబడి పాటుపడిన ఊరు మాది. ఆ పని ఇంకా ఎవరో ఒకరు చేస్తూ ఉన్నారంటే నాకు గర్వంగా ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మాస్టారి నోటుపుస్తకాలు కొన్ని తడిసి సిరా అలుక్కుపోయింది. ఆ పేజీల్లోని పాటలు ఆయన షాపులో నా పక్కన కూర్చుని, గుర్తు తెచ్చుకుని, పాడి చెప్పినవి. బ్యాకప్ హార్డ్ డిస్కులో పాతవి ఉన్నాయి కానీ ఇటీవల చెప్పినవి కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

వానాకాలం. రాత్రంతా కరెంటు పోతూ వస్తూ ఉంది. పొద్దున్న షాపు తీసి సిస్టమ్ ఆన్ చేస్తే నల్లటి స్క్రీన్ మీద ఒకే వాక్యం, "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్". మెనూ లేదు, విండోస్ లేదు, మింట్ లేదు. నాకు మాస్టారి పాటలే గుర్తొచ్చాయి. ఆ టెన్షన్‌లో మా వీధి చివర రిపేరు చేసే కుర్రాణ్ణి పిలిచాను.

అతను బయాస్‌లోకి, అంటే ఆన్ చేయగానే మొదట లేచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఏవో మార్చాడు. కాసేపటికి విండోస్ వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది కానీ మింట్ జాడ లేదు. అప్పుడతను విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూపించాడు. సీ డ్రైవ్, డీ డ్రైవ్ ఉన్నాయి. వాటి పక్కన పేరు లేని, ఫైల్ సిస్టమ్ గడి ఖాళీగా ఉన్న పెద్ద ముక్క ఒకటి ఉంది. "చూడండి భాయినా, ఇదంతా ఖాళీ. మీ లినక్స్ ఎగిరిపోయింది. ఇది ఫార్మాట్ కొట్టేసి మళ్లీ వేసిస్తాను, సాయంత్రానికి అయిపోద్ది" అన్నాడు. మంచి కుర్రాడు, డబ్బుకోసం అన్న మాట కాదది. విండోస్ అతనికి అలాగే చూపించింది మరి.

అయినా నేను ఒప్పుకోలేదు. విశాఖలో పనిచేస్తున్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను. "మావయ్యా, లినక్స్ ఫైళ్లు దాచుకునే ఈఎక్స్‌టీ4 పద్ధతిని విండోస్ చదవలేదు. చదవలేనిదాన్ని పేరు లేకుండానే చూపిస్తుంది. ఖాళీ అని కాదు దానర్థం. ఎక్కడైనా 'ఫార్మాట్ చేయమంటారా' అని అడిగితే మాత్రం క్యాన్సిల్ కొట్టు. ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో, అంటే పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిపి చూడు" అన్నాడు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే.

పెన్‌డ్రైవ్ సంగతికి వచ్చేముందు, అసలిలా ఎందుకైందో చెప్పాలి. గడియారం చూస్తే తేదీ 2015లో ఉంది. ఏ సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదని బ్రౌజర్ హెచ్చరిస్తోంది, ఎందుకంటే సైట్ల సర్టిఫికెట్లు తేదీ చూసి పనిచేస్తాయి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే మూడు వోల్టుల బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. కరెంటు ఉన్నంతసేపూ దాని అవసరం తెలియదు. రాత్రి కరెంటు పోయాక బయాస్ సెట్టింగులని, గడియారాన్ని నిలబెట్టాల్సింది అదే. అది చేతులెత్తేసేసరికి బోర్డు తన ఫ్యాక్టరీ సెట్టింగులకి వెళ్లిపోయింది. ఆ సెట్టింగుల్లో బూట్ పద్ధతి, అంటే ఓఎస్‌ని లేపే తీరు, పాత లెగసీ. నా డిస్కేమో జీపీటీ అనే కొత్త విభజన పద్ధతిలో, యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి కోసం సిద్ధం చేసింది. లెగసీలో బోర్డు డిస్కు మొదటి సెక్టర్లో బూట్ కోడ్ కోసం చూస్తుంది. అక్కడ ఏమీ దొరకక ఆ నల్లటి స్క్రీన్ చూపించింది. డిస్కు పోయిందా అనే అనుమానం ఉన్నవాళ్లు బయాస్‌లో డిస్కు మోడల్ పేరు, సైజు కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపిస్తున్నాయంటే సగం భయం తీరినట్టే.

బ్యాటరీ వాచీల షాపులో దొరికింది. ప్లగ్ తీసేసి మార్చాను. బయాస్‌లో బూట్ మోడ్ యూఈఎఫ్ఐ అని ఉందో లేదో (ఆ కుర్రాడు మార్చింది దీన్నే) మళ్లీ చూసుకున్నాను. శాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) కూడా చూసుకోవాలి. విండోస్ వేసినప్పుడు ఏహెచ్‌సీఐ అని ఉండి, ఇప్పుడు వేరేదానికి మారిపోతే విండోస్ నీలం స్క్రీన్‌తో ఆగిపోతుంది. నాది మారలేదు.

మరి విండోస్ వచ్చి మింట్ ఎందుకు రాలేదు? యూఈఎఫ్ఐ పద్ధతిలో డిస్కు మీద ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్ (డిస్కులో విడదీసిన ముక్క) ఒకటి ఉంటుంది. రెండు ఓఎస్‌ల బూట్ ఫైళ్లూ అందులోనే, వేరువేరు ఫోల్డర్లలో ఉంటాయి. ఏ ఫోల్డర్లో ఏ ఫైలు నడపాలో రాసిన జాబితా మాత్రం డిస్కులో కాదు, మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. నా బోర్డు రీసెట్ అయినప్పుడు ఆ జాబితా తుడిచిపెట్టుకుపోయింది. విండోస్ ఫైలు ఎక్కడుంటుందో చాలా బోర్డులకి ముందే తెలుసు, వెతికి పట్టుకుంటాయి. లినక్స్ ఫోల్డర్‌ని అలా వెతకవు. ఇల్లు ఉన్నచోటే ఉంది, చిరునామా చీటీ పోయింది, అంతే.

ఇక పెన్‌డ్రైవ్. విండోస్ పనిచేస్తోంది కాబట్టి మింట్ ఐఎస్ఓ (మొత్తం ఓఎస్ ఒకే ఫైలుగా) అందులోనే డౌన్‌లోడ్ చేశాను. దాదాపు మూడు జీబీ ఉంటుంది. రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించాను. అందులో జీపీటీ, యూఈఎఫ్ఐ ఎంచుకోవాలి. తర్వాత ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే (కొన్ని బోర్డులకి ఎఫ్11, కొన్నిటికి ఎఫ్8) బూట్ లిస్టు వస్తుంది. అందులో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్నే ఎంచుకోండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ లెగసీలో లైవ్ తెరిస్తే తర్వాత చేసే రిపేరు ఏదీ అతకదు, ఎందుకు అతకలేదో కూడా తెలియదు.

లైవ్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి, విండోస్‌లో పేరు లేకుండా కనిపించిన ఆ ముక్క మీద నొక్కాను. హోమ్, నా పేరు, డాక్యుమెంట్స్, సవర పాటలు. అన్నీ వరుసగా ఉన్నాయి. మాస్టారు క్రితం వారం చెప్పిన పాట తెరిచి మొదటి నుంచి చివరిదాకా చదివాను.

రిపేరు జోలికి పోకుండా ముందు కాపీ చేసుకున్నాను. ఈ వరుస మార్చకండి. రిపేరు ఎంత తేలికైనదైనా కాపీ ముందు. లినక్స్ ఫోల్డర్లన్నీ బయటి హార్డ్ డిస్కులోకి వెళ్లాయి. విండోస్ డీ డ్రైవ్‌లో ఉన్న శుభలేఖల ఫైళ్లు కూడా తీసుకున్నాను. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అలాంటప్పుడు లినక్స్ ఆ డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, ఒక్కోసారి తెరవనంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేస్తే ఈ గొడవ ఉండదు. రెండు ఓఎస్‌లు ఉన్న ఎవరైనా దాన్ని తీసేయడమే మంచిదని నా అభిప్రాయం.

తర్వాత ఈఎఫ్ఐ పార్టిషన్ తెరిచాను. బూట్, మైక్రోసాఫ్ట్, ఉబుంటు అని మూడు ఫోల్డర్లు. మింట్ వేసుకున్నవాళ్లు ఉబుంటు పేరు చూసి కంగారు పడొద్దు. మింట్ ఉబుంటు మీద కట్టిన ఓఎస్, బూట్ ఫోల్డర్‌కి కూడా ఆ పేరే వాడుతుంది. ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి కాబట్టి నాకు గ్రబ్, అంటే ఏ ఓఎస్ కావాలో అడిగే మెనూ చూపించే ప్రోగ్రామ్, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు. మింట్ లైవ్‌లో బూట్ రిపేర్ అనే ప్రోగ్రామ్ ఉంది, ఒక్క బటన్‌తో అన్నీ సరిచేస్తుంది. ఫైళ్లే పోయినప్పుడు అది నిజంగా ఆదుకుంటుంది. కానీ జాబితాలో ఒక్క వరుస పోతే దానికోసం గ్రబ్ మొత్తాన్ని తిరగరాయించడం నాకు ఇష్టం లేదు. ఎంత పాడైందో అంతే బాగుచేయాలి.

అందుకని టెర్మినల్‌లో ఎఫీబూట్‌ఎంజీఆర్ (efibootmgr) అనే కమాండ్ వాడాను. ఊరికే నడిపితే బోర్డు దగ్గరున్న జాబితా చూపిస్తుంది. అందులో విండోస్ బూట్ మేనేజర్ ఒక్కటే ఉంది. కొత్త వరుస చేర్చడానికి దానికి నాలుగు సంగతులు చెప్పాలి: ఏ డిస్కు, ఈఎఫ్ఐది ఎన్నో పార్టిషన్, లిస్టులో ఏ పేరు కనిపించాలి, ఏ ఫైలు నడపాలి. ఆ ఫైలు ఉబుంటు ఫోల్డర్లో ఉన్న షిమ్. నమ్మకమైన సంతకం ఉన్న ఫైళ్లనే లేవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా బోర్డు దాన్ని నమ్ముతుంది, అది లేచి గ్రబ్‌ని లేపుతుంది. ఫైలు దారిలో గీతలు వెనక్కి వాలినవి ఉంటాయి కాబట్టి మొత్తాన్ని కోట్స్‌లో పెట్టాలి. ఎంటర్ కొట్టగానే జాబితాలో ఉబుంటు మొదటి స్థానంలో చేరింది. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే గ్రబ్ మెనూ, అందులో మింట్, కింద విండోస్.

మెనూ వచ్చి అందులో విండోస్ కనిపించనివాళ్లకి ఒక మాట. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి వేరే ఓఎస్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్‌ని మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. గ్రబ్ సెట్టింగుల ఫైల్లో దాన్ని ఆన్ చేసి, అప్‌డేట్-గ్రబ్ నడిపితే విండోస్ కనిపిస్తుంది. మింట్ దాన్ని ఆన్‌లోనే ఉంచుతుంది, అందుకే నాకు ఆ అవసరం రాలేదు.

గడియారం మాత్రం ఇంకాస్త పని పెట్టింది. విండోస్‌లో టైము సరిచేస్తే మింట్‌లో ఐదున్నర గంటలు ముందుకి పోతోంది. బోర్డు గడియారంలో ఉన్నది మన టైమని విండోస్ అనుకుంటుంది, లినక్స్ అది యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక టైము) అనుకుంటుంది. బ్యాటరీ మార్చాక బయాస్‌లో నేను మన టైము పెట్టాను కదా, మింట్ దానికి ఇంకో ఐదున్నర గంటలు కలిపేసింది. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లోకల్ టైమే చదవమని మింట్‌కి చెప్పాక రెండూ కలిశాయి.

ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లు బయాస్‌లో ఏదైనా ముట్టుకునేముందు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో విండోస్ డ్రైవ్ బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటుంది. సెక్యూర్ బూట్ మార్చినా, బయాస్ రీసెట్ అయినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో ముందే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. కీ లేకపోతే ఆ డ్రైవ్ ఇక తెరుచుకోదు.

నా సంగతి తెలిసి గుణుపురం నుంచి ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. అతనిది పాత సిస్టమ్, జీపీటీకి ముందున్న ఎంబీఆర్ పద్ధతి డిస్కు. ఆన్ చేస్తే "గ్రబ్ రెస్క్యూ" అని వచ్చి ఆగిపోతోంది. వాళ్ల తమ్ముడు విండోస్‌లోంచి ఒక ఖాళీ లాజికల్ పార్టిషన్ తీసేశాడట. ఎంబీఆర్‌లో ఒక లాజికల్ పార్టిషన్ పోతే దాని వెనకున్న వాటి అంకెలు ఒక్కొక్కటీ ముందుకి జరుగుతాయి. లినక్స్ ఉన్న ఏడోది ఆరోది అయిపోయింది. గ్రబ్ ఇంకా ఏడులోనే తన ఫైళ్లు వెతుకుతోంది. ఫోన్‌లోనే చెబుతూ చేయించాను. ఎల్ఎస్ కొడితే పార్టిషన్ల పేర్లు వచ్చాయి. ఒక్కొక్కటీ చూస్తూ వెళ్తే ఆరోదానిలో బూట్ ఫోల్డర్ కనబడింది. సెట్‌తో రూట్‌నీ, ప్రిఫిక్స్‌నీ దానికి మార్చి, ఇన్‌స్‌మాడ్ నార్మల్, తర్వాత నార్మల్ అని కొట్టించాను. మెనూ వచ్చేసింది.

ఇది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. లినక్స్‌లోకి వెళ్లాక గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ రెండూ నడపాలి. గ్రబ్-ఇన్‌స్టాల్‌కి డిస్కు పేరు మాత్రమే ఇవ్వాలి, చివర పార్టిషన్ అంకె ఉండకూడదు. అతను అవి చేసి రీస్టార్ట్ కొడితే రెండు ఓఎస్‌లూ కనిపించాయి. తమ్ముడు తీసేసిన పార్టిషన్ జాగా ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని విండోస్‌లోంచి ముట్టుకోవద్దని, ఫైళ్లన్నీ కాపీ చేసుకున్నాక లైవ్ పెన్‌డ్రైవ్‌లో జీపార్టెడ్ అనే పార్టిషన్లు సర్దే ప్రోగ్రామ్‌తో కలుపుకోమని చెప్పాను.