కనకపుర రోడ్డులో తత్త్వబోధ

కాచిగూడలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బెంగళూరు. అక్కడ గ్రీన్ లైన్ మెట్రో ఎక్కామా, చివరి స్టేషన్ సిల్క్ ఇన్‌స్టిట్యూట్ దాకా లేవక్కర్లేదు. బెంగళూరు ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. ఆ తర్వాత కనకపుర రోడ్డు మీద ఆటో. నేను వెళ్లిన ఆశ్రమం ఊరికి ఎడంగా, కొబ్బరి తోటలో ఉంది. వేదాంతం, సంస్కృతం కలిపి నేర్పే శిబిరం. దిగగానే ఫోన్లు తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఐదింటికి గంట కొడతారు. ధ్యానం, గీతా పారాయణం, టిఫిన్, ఆపైన తత్త్వబోధ పాఠం. శంకరాచార్యుల పేరుతో ప్రచారంలో ఉన్న చిన్న ప్రకరణ గ్రంథం అది, అంటే వేదాంతానికి ప్రవేశపాఠం లాంటిది. ప్రశ్న, జవాబు, మళ్లీ ప్రశ్న, ఇలా నడుస్తుంది. సూక్ష్మశరీరానికి, అంటే కంటికి కనబడని లోపలి శరీరానికి, 17 అంగాలని చెప్పి లెక్క కూడా అప్పజెబుతుంది: జ్ఞానేంద్రియాలు ఐదు, కర్మేంద్రియాలు ఐదు, ప్రాణాలు ఐదు, మనసు, బుద్ధి. స్వామీజీ చక్కగానే చెప్పారు గానీ పిట్టకథలు ఎక్కువయ్యాయి. ఆత్మను కప్పిన ఐదు పొరలు, ఆ పంచకోశాల దగ్గరికి వచ్చేసరికి టైం అయిపోయేది.

నన్ను కట్టిపడేసింది మధ్యాహ్నం సంస్కృతం క్లాసే. రాగిముద్ద తిన్నాక ఎవరికైనా కునుకు వస్తుంది. ఆ క్లాసులో మాత్రం రాలేదు. పాఠం చెప్పేది ఓ కన్నడ పెద్దావిడ. బోర్డు మీద గీత రెండో అధ్యాయం 13వ శ్లోకం రాశారు, దేవనాగరిలో. నా పక్కనున్న అనంతపురం మాస్టారికి గీత కంఠస్థం. ఆయన తాతగారి నాటి వావిళ్లవారి శబ్దమంజరి, సంస్కృత శబ్దరూపాల పుస్తకం, తెలుగు లిపిలోది, సంచిలోనే ఉంది. "శ్లోకం నోటికొచ్చు నాయనా, ఆ అక్షరాలే ఒకటో తరగతి" అని నా చెవిలో గొణిగారు.

ఆవిడ శ్లోకం అర్థం చెప్పలేదు. ముందు సంధులు విడదీయించారు. తర్వాత, "క్రియ ఎక్కడుంది?" అన్నారు. వెతికితే చిట్టచివర దొరికింది, ముహ్యతి, మోహపడతాడు అని. దాని ముందు న, అంటే కాదని. ఇక దాన్నే ప్రశ్నలు అడగాలి. న ముహ్యతి. కః (ఎవరు)? ధీరః. కుత్ర (ఎక్కడ)? తత్ర (అక్కడ). ఒక్కో ప్రశ్నకూ ఒక్కో పదం వచ్చి తన చోట కూర్చుంటుంటే, బాల్యం, యౌవనం, ముసలితనం ఎలాగో దేహాంతరప్రాప్తీ, అంటే మరో దేహం పొందడమూ, అలాగేనన్న పోలిక దానంతటదే తేలింది. ఎన్ని ప్రవచనాల్లో విన్నానో ఈ శ్లోకం! వాక్యం ఎలా నిలబడిందో చూపించినవాళ్లు లేరు. నన్నడిగితే, శిబిరంలో వేదాంతం దొరికింది వ్యాకరణం క్లాసులోనే.

ఆదివారం సాయంత్రం సెలవిస్తే బసవనగుడి వెళ్లాం. నంది గుడి చూసి, గాంధీ బజారులో దోసెలకు పేరున్న విద్యార్థి భవన్ హోటల్ ముందు క్యూ చూసి, వెనక్కి తిరిగి పక్క హోటల్లో దోసె తిన్నాం.

చివరి క్లాసులో తర్వాతి శ్లోకం, మాత్రాస్పర్శాస్తు, మా చేతే చేయించారు. క్రియ తితిక్షస్వ అని మాస్టారు ముందే పట్టేశారు. కర్త మాత్రం కనబడలేదు. "కర్త ఏదమ్మా?" అన్నారు. "ఓర్చుకో అని ఎవరితో అంటున్నాడో వాడే. త్వం, నువ్వు, అని మీరే వేసుకోవాలి" అన్నారావిడ.

ఇప్పుడు మాస్టారూ నేనూ వారానికో శ్లోకం ఫోన్‌లో అన్వయం చేసుకుంటున్నాం, ఆవిడ చూపినట్టు ఏ పదం దేనితో కలుస్తుందో చూసుకుంటూ. రెండో అధ్యాయమే 72 శ్లోకాలు. తొందరేముందంటారాయన.