వెంట్ ఎవరి సొత్తు?
మా అమ్మాయి ఇంగ్లీషు క్రియాపదాలు వల్లెవేస్తూ, “గో-కి వెంట్ ఏమిటి నాన్నా? ఒక్క అక్షరమూ కలవదు!” అంది. నిజమే, పాపం. రాత్రి నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. పాత ఇంగ్లీషులో ‘గో’ని ‘గాన్’ అనేవారు, దాని భూతకాలం ‘ఏయొదె’. దానికీ పోలిక లేదు! ‘వెంట్’ అసలు ‘వెండ్’ అనే మరో క్రియది. తిరగడం, సాగిపోవడం దాని అర్థాలు. కాంటర్‌బరీ యాత్రికుల ప్రయాణానికి పాతకాలపు ఇంగ్లీషు కవి చాసర్ వాడింది ఈ క్రియనే. సుమారు 1500 నాటికి దక్షిణ ఇంగ్లండులో ‘గో’ దీన్ని దత్తత తీసేసుకుంది. స్కాట్లండు వాళ్ళు మాత్రం ‘గేడ్’ అని సొంత రూపమే చేసుకున్నారు, బుద్ధిమంతులు. ‘వెంట్’ కాస్తా పరాధీనమైపోగా ‘వెండ్’ చివరకు ‘వెండెడ్’తో సరిపెట్టుకుంది. అది కూడా ఇప్పుడు ఎక్కడో అరుదుగా కనబడుతుంది.